ఇంజిన్‌లో మడ్డి పేరుకోవడం: కిలోమీటర్ల కన్నా గంటల లెక్క ముఖ్యం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ఆరేళ్ళ క్రితం కొన్న పెట్రోలు కారు, ఇప్పటికి తిరిగింది 31 వేల కిలోమీటర్లు. హైదరాబాదులో మీ ఇంటి నుంచి ఆఫీసు ఐదు కిలోమీటర్లు. అది కాక పిల్లల బడి, బజారు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరి ప్రయాణం. సర్వీసు పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అప్పుడు అని ఉంటే, మీరు పదివేల మాట ఒక్కటే పట్టుకుని ఇప్పటికి మూడుసార్లు ఆయిల్ మార్పించారు. మొన్న ఆయిల్ పోసే మూత విప్పితే లోపల నల్లగా, తారులాగా ఏదో పట్టి కనిపించింది. అంతకు వారం ముందు సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగి ఉండగా ఆయిల్ లైటు రెండు మూడు క్షణాలు మినుక్కుమని ఆరిపోయింది. ఒక మెకానిక్ ఫ్లష్ కొడితే, అంటే మడ్డిని కరిగించే మందు పోసి ఇంజిన్ లోపల కడిగితే సరిపోతుందన్నారు, ఇంకొకరు ఇంజిన్ విప్పాలన్నారు. ఎవరి మాట వినాలి, ఇంత తక్కువ తిరిగిన కారుకు ఇలా ఎందుకైంది అన్నది మీ ప్రశ్న.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. కారణాల సంగతి తర్వాత వివరంగా చెబుతాను కానీ, ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది: ఆ కారును ఇక నడపకండి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆ ఆయిల్ దీపాన్ని చాలామంది ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం అనుకుంటారు. అది చెప్పేది మట్టం గురించి కాదు, ఒత్తిడి గురించి. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసుకూ దాన్ని మోసే బేరింగులకూ మధ్య పలచటి ఆయిల్ పొర నిలబడడానికి కావలసిన ఒత్తిడి దాదాపు లేకుండా పోయినప్పుడే అది వెలుగుతుంది. ఒకసారి వెలిగి ఆరిపోయింది కాబట్టి ఫరవాలేదు అనుకోవడానికి లేదు. ఇంజిన్ బాగా వేడెక్కి, ఆయిల్ పలచబడి, ఐడిలింగ్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతుండగా, ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతున్న సమయంలోనే అది మొదట కనిపిస్తుంది. గేజీ పుల్ల తీసి ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగ్గానే ఉంటే కారును ఇంకో బండికి కట్టో, లారీ మీద ఎక్కించో గ్యారేజీకి చేర్చండి. ఇంజిన్ స్టార్ట్ చేసి తీసుకెళ్ళే రెండు కిలోమీటర్లే బేరింగులు పోవడానికి చాలు.

ఇక కారణం. మీ కారు తక్కువ తిరిగిందని మీరు అనుకుంటున్నారు. నా లెక్కలో అది చాలా ఎక్కువ తిరిగింది. ఓడోమీటరు చక్రాలు తిరిగిన దూరాన్ని చూపిస్తుందే తప్ప ఇంజిన్ తిరిగిన కాలాన్ని చూపించదు. జాతీయ రహదారి మీద సగటున గంటకు 60 కిలోమీటర్లు పోయే కారు పదివేల కిలోమీటర్లను సుమారు 167 గంటల్లో పూర్తి చేస్తుంది. నగరంలో ఆగుతూ, పాకుతూ సగటున గంటకు 20 కిలోమీటర్లు పోయే కారు అదే పదివేలకు 500 గంటలు తీసుకుంటుంది. రెండిట్లోనూ ఓడోమీటరు ఒకే అంకె చూపిస్తుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే చాంబర్లో ఉన్న ఆయిల్ మాత్రం రెండో కారులో మూడు రెట్ల కాలం పనిచేసి ఉంటుంది. మన ఊళ్ళలో ట్రాక్టరు ఉన్న ఏ రైతును అడిగినా ఈ సంగతి చెబుతాడు. ట్రాక్టరుకు గంటల మీటరు ఉంటుంది, ఆయిల్ మార్పిడి గంటల లెక్కనే జరుగుతుంది, పాత తరం ట్రాక్టర్లలో చాలావాటికి అది 250 గంటలు. దాన్ని మీ కారుకు ఉన్నదున్నట్టు వర్తింపజేయమనడం లేదు, ఎందుకంటే రెండు ఇంజిన్ల మీద పడే బరువు వేరు, వాడే ఆయిల్ వేరు. అయినా ఆలోచన సరైనది: గంటకు 20 కిలోమీటర్ల సగటులో 250 గంటలంటే ఐదువేల కిలోమీటర్లు. నగరంలో తిరిగే కార్లకు నేను మొదటి నుంచీ ఐదువేలే చెబుతూ వస్తున్నాను, అనుభవంతో చెప్పిన ఆ అంకెకు గంటల లెక్క కూడా తోడొస్తోంది.

మడ్డి ఎలా పుడుతుందో చెప్పేముందు, మూత కింద కనిపించేవన్నీ ఒకటి కావని చెప్పాలి. వానాకాలంలో, చలికాలంలో మూతకు లోపల గోధుమరంగు కలిసిన తెల్లటి మీగడ లాంటిది పట్టి ఉండి, గేజీ పుల్ల మీద ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే, అది ఆవిరి చల్లబడి ఆయిల్‌తో కలిసిన నురగ. కారును కాస్త దూరం నడిపితే పోతుంది. అదే మీగడ గేజీ పుల్ల మీద కూడా కనిపించి, కూలెంట్ బాటిల్లో మట్టం తగ్గుతూ ఉంటే, హెడ్ గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. లోహం మీద తేనెరంగులో వార్నిష్ పూసినట్టు పలచటి పొర ఉండి, వేలితో రుద్దినా రాకపోతే అది తొలి దశ. మీరు వర్ణించినట్టు నల్లగా, వేలికి అంటుకుని సాగేలా ఉంటేనే అది అసలైన మడ్డి, అంటే స్లడ్జ్. ఇంకొక మాట: గేజీ పుల్ల మీద ఆయిల్ నల్లగా కనిపించినంత మాత్రాన మడ్డి పట్టినట్టు కాదు. మసిని గడ్డకట్టనీయకుండా తనలో విడివిడిగా తేలించి ఉంచడమే మంచి ఆయిల్ పని, కాబట్టి నల్లబడడం అది పనిచేస్తోందనడానికి గుర్తు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది.

పండగకు గారెలు వండిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరూ చూసి ఉంటారు. రంగు ముదురుతుంది, చిక్కబడుతుంది, బాణలి అంచున జిగురు పొర కట్టి గోరుతో గీకినా రాకుండా మొండికేస్తుంది. వేడి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే మార్పు అది. ఇంజిన్ ఆయిల్‌కు కూడా మూలంలో అదే జరుగుతుంది. చాంబర్లో ఆయిల్ 90, 100 డిగ్రీల దగ్గరే ఉన్నా, పిస్టన్ రింగుల గాళ్ళలోనూ టర్బో బేరింగుల దగ్గరా అంతకు రెట్టింపు దాటిన వేడి తగులుతుంది. స్థూలంగా చెప్పుకునే లెక్క ప్రకారం ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఈ ఆక్సీకరణ వేగం రెట్టింపవుతుంది. దాన్ని ఆపడానికి కంపెనీలు ఆయిల్‌లో యాంటీ ఆక్సిడెంట్లు కలుపుతాయి, ఆమ్లాలను విరవడానికీ లోహాన్ని శుభ్రంగా ఉంచడానికీ డిటర్జెంట్లు కలుపుతాయి, మురికి రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా డిస్పర్సెంట్లు కలుపుతాయి. ఇవన్నీ పనిచేస్తూ పనిచేస్తూ ఖర్చయిపోయే పదార్థాలు. అవి ఉన్నంతకాలం ఆయిల్ ఆయిల్‌లాగా ఉంటుంది. అవి అయిపోయిన తర్వాత మార్పు కొద్దికొద్దిగా రాదు, కొన్ని వందల కిలోమీటర్ల వ్యవధిలోనే ఆయిల్ చిక్కబడిపోతుంది. అందుకే “నిన్నటిదాకా బాగానే ఉంది కదా” అనే మాట మా దగ్గర తరచుగా వినిపిస్తుంది.

అయితే మీ కారులో అసలు శత్రువు వేడి కాదు, వేడి చాలకపోవడం. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. మీ ఐదు కిలోమీటర్ల ప్రయాణానికి నాలుగు వందల మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుందనుకుంటే, దాదాపు అంతే నీరు పుట్టిందన్నమాట. అందులో చాలావరకు సైలెన్సరు గుండా పోతుంది. కానీ ఎంత కొత్త ఇంజిన్‌కైనా పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత వాయువు కిందికి, ఆయిల్ ఉన్న భాగంలోకి దిగుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. దానితోపాటు ఆవిరి, మండని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌లోకి చేరతాయి. ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే ఉంటే నీరూ పెట్రోలూ మళ్ళీ ఆవిరై బయటికి పోతాయి. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యకు రావడానికి అయిదారు నిమిషాలు చాలవచ్చు, అయితే అది కూలెంట్ వేడి. ఆయిల్ దానికి చాలా వెనకబడి వేడెక్కుతుంది. మీరు ఆఫీసు చేరి ఇంజిన్ ఆపే సమయానికి ఆయిల్ ఇంకా గోరువెచ్చని దశ దాటి కొంచెం ముందుకు వచ్చి ఉంటుంది, అంతే. నీరు లోపలే చల్లబడి చుక్కలు కడుతుంది, అన్నం గిన్నె మూత కింద కట్టినట్టే. సాయంత్రం మళ్ళీ అదే, మర్నాడు మళ్ళీ అదే. ఆ నీటిలో ఆమ్లాలు కరుగుతాయి, డిస్పర్సెంట్లు ఖర్చవుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ముదిరిన పెట్రోలు తునకలు మసిని పట్టుకుని జిగురుగా మారతాయి. ఇంజిన్ పైభాగాన్ని మూసే టాపెట్ కవర్ లోపలి భాగం, చాంబర్ అడుగు, ఇవే ఇంజిన్లో చల్లటి చోట్లు, అందుకే మడ్డి మొదట అక్కడ కూర్చుంటుంది.

ఈ బ్లో-బై వాయువులను బయటికి లాగేసేందుకు ప్రతి ఇంజిన్‌కూ ఒక ఏర్పాటు ఉంటుంది, దానిపేరు పీసీవీ. పూర్వం కార్లలో ఈ వాయువులను ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదికి వదిలేసేవారు. కాలుష్యం కారణంగా 1961 మోడళ్ళ నుంచి కాలిఫోర్నియాలో అమ్మిన కొత్త కార్లలో దాన్ని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి లాగి మండించే పద్ధతి వచ్చింది, తర్వాత అన్నిచోట్లా అదే నిలిచింది. ఆ దారిలో వేలెడంత వాల్వు ఒకటి ఉంటుంది. అది జిగురు పట్టి మూసుకుపోతే ఆవిరికి పోయే దారి ఉండదు, ఎంత మంచి ఆయిల్ పోసినా మడ్డి కట్టి తీరుతుంది. మడ్డి వల్ల వాల్వు మూసుకుపోతుంది, వాల్వు మూసుకుపోవడం వల్ల మడ్డి పెరుగుతుంది. చాలా కార్లలో దాన్ని తీసి ఊపితే లోపల బిళ్ళ కదిలి టకటకమని చప్పుడు వినిపించాలి. కొన్నిట్లో అది టాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, అప్పుడు కవర్ మార్చడమే మార్గం. సర్వీసు పట్టికల్లో దీని ప్రస్తావన సరిగ్గా ఉండదు కాబట్టి మీరే పేరుపెట్టి అడిగి చూపించుకోండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా జరిగే ఇంకొక పొరపాటు చెప్పకుండా ఉండలేను. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందని వచ్చిన కారుకు థర్మోస్టాట్, అంటే ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, తీసి పక్కన పడేసి, “ఇక వేడి ఎక్కదు” అని పంపించే అలవాటు ఎన్నో గ్యారేజీల్లో ఉంది. నిజమే, వేడెక్కదు. వేడెక్కవలసినంత కూడా వేడెక్కదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ శీతాకాలమంతా అరవై డెబ్బై డిగ్రీల దగ్గరే తిరుగుతూ ఉంటుంది, నీరు ఆయిల్‌లోంచి పోదు, కంప్యూటరు ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆ ఎక్కువ పెట్రోలు కూడా ఆయిల్‌లోకే దిగుతుంది. మీ కారుకు గతంలో ఎవరైనా ఇలా చేశారేమో తప్పకుండా చూపించండి. కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోయడం, రేడియేటర్ పూడిపోయి నిజంగానే వేడెక్కడం, ఆపైన థర్మోస్టాట్ తీసేయడం, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మడ్డి చేసే హాని నా కళ్ళతో చూసినదాన్ని ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఏలూరు వైపు నుంచి ఒక పెట్రోలు కారును లారీ మీద వేసుకుని తెచ్చారు, ఇంజిన్ పట్టేసింది. యజమాని రిటైరైన ఉపాధ్యాయులు. అయిదేళ్ళలో 22 వేల కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ మార్చింది ఒకే ఒక్కసారి. ఉదయం గుడికి, సాయంత్రం బజారుకు, రెండేసి కిలోమీటర్లు. చాంబర్ డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ కారలేదు. స్క్రూడ్రైవరు పెట్టి కదిపితే ముదిరిన బెల్లంపాకంలాగా సాగి, కొంచెం వచ్చి ఆగిపోయింది. చాంబర్ దించి చూస్తే అడుగున వేలి మందాన నల్లటి పేస్టు. ఆయిల్ పంపు పీల్చుకునే స్ట్రెయినర్ జాలీ మొత్తం పూడిపోయి రూపాయి బిళ్ళంత మేర మాత్రమే వైరు అల్లిక కనిపిస్తోంది, ఆ ఖాళీలోంచే ఇంజిన్ అంతా బతకవలసి వచ్చింది. ఆ పేస్టులో ఎర్రటి ముక్కలు కూడా ఉన్నాయి. అంతకుముందు ఎవరో చాంబర్‌కు పూసిన గ్యాస్కెట్ పేస్టు ఎక్కువై లోపలికి ఒత్తుకుని ఊడిపడిన ముక్కలవి. కనెక్టింగ్ రాడ్ బేరింగులు విప్పితే పైపొర తుడిచిపెట్టుకుపోయి రాగిరంగు బయటపడింది, క్రాంకు వేడికి నీలం తిరిగింది. ఆ పెద్దాయన నన్ను అడిగిన మాట నాకింకా గుర్తుంది: “నేను దీన్ని ఏనాడూ గట్టిగా తొక్కలేదే బాబూ?” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన కారును కన్నబిడ్డలా చూసుకున్నారు. దానికి కావలసినది వేరే ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆ బాధతోనే నేను ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

స్ట్రెయినర్ పూడడం చివరి దశ. అంతకు ముందే చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఇప్పటి ఇంజిన్లలో వాల్వ్ టైమింగును మార్చే వీవీటీ సోలినాయిడ్‌కు సన్నని జాలీలు ఉంటాయి, అవి మూసుకుంటే పికప్ తగ్గి చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. టైమింగ్ చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి ఉదయం స్టార్ట్ చేయగానే చైన్ గరగరమంటుంది. పిస్టన్‌లో ఆయిల్ రింగు వెనకాల ఉండే రంధ్రాలు పూడితే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, యజమాని పైపైన పోస్తూ ఉంటాడు. ఇలా పోస్తూ పోవడాన్ని ఆయిల్ మార్చడంగా లెక్కపెట్టుకునేవారు కూడా ఉన్నారు, అది తప్పు. పాత మురికి అంతా లోపలే ఉంటుంది.

తప్పు ఎప్పుడూ యజమానిదే అనడం కూడా న్యాయం కాదు. 1980లలో యూరప్‌లో, ముఖ్యంగా బ్రిటన్, జర్మనీల్లో, నల్ల మడ్డి సమస్య పెద్దఎత్తున బయటపడింది, దానివల్లే ఆయిల్ ప్రమాణాల్లో మడ్డిని కొలిచే పరీక్షలు గట్టిపడ్డాయి. ఆ దశాబ్దం చివర అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) తెచ్చిన ఎస్‌జీ అనే ఆయిల్ నాణ్యతా శ్రేణి ఆ క్రమంలోదే. అమెరికాలో 1997 నుంచి 2002 మధ్య తయారైన టయోటా మూడు లీటర్ల వీ6, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో మడ్డి ఫిర్యాదులు పెరగడంతో, ఆ కంపెనీ 2002లో సుమారు 33 లక్షల వాహనాలకు ఎనిమిదేళ్ళ పాటు మరమ్మతు బాధ్యత తీసుకుంది. ఫోక్స్‌వాగన్ 1998–2004 పసాట్‌లోని 1.8 లీటర్ల టర్బో ఇంజిన్‌కూ దాదాపు ఇదే కథ; ఆయిల్ పట్టే పరిమాణం తక్కువ, టర్బో వేడి ఎక్కువ. ఇలాంటి సందర్భాల్లో యజమాని చేతిలో ఆయిల్ మార్పిడి బిల్లులు ఉన్నాయా లేదా అన్నదే పెద్ద తేడా అవుతుంది. మీరు ఎక్కడ మార్పించినా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాసిన బిల్లు తీసుకుని దాచండి.

ఇప్పుడు మీ కారుకు ఏం చేయాలి. మొదటి పని, ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ చోట మెకానికల్ గేజీ బిగించి, ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లోనూ రేస్ చేసినప్పుడూ ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచి, మీ ఇంజిన్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. అయిదారు నిమిషాలు నడిపితే చాలు, అంతకన్నా వద్దు. స్విచ్ ఒక్కటే పాడై ఉండే అవకాశం కూడా ఉంది, ఆ సంగతి ఇక్కడే తేలిపోతుంది. తర్వాత టాపెట్ కవర్ విప్పాలి. నాలుగు సిలిండర్ల చిన్న కారుకు ఇది పెద్ద పని కాదు, గ్యాస్కెట్ ధర వందల్లోనే ఉంటుంది. మూత కింద చూసి నిర్ణయించకండి, ఎందుకంటే మూత దగ్గర చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువే పట్టవచ్చు. కవర్ తీశాక క్యామ్‌షాఫ్ట్ చుట్టూ లోహం కనిపిస్తూ, పైన తేనెరంగు పొర మాత్రమే ఉంటే మీరు అదృష్టవంతులు. హెడ్ మీద ఆయిల్ కిందికి దిగే రంధ్రాల చుట్టూ పేస్టు పేరుకుని ఉంటే చాంబర్ దించక తప్పదు. మీకు దీపం వెలిగింది కాబట్టి, గేజీలో ఒత్తిడి తక్కువ చూపిస్తే పైన శుభ్రంగా ఉన్నా సరే, చాంబర్ దించి స్ట్రెయినర్ చూడమంటాను. అక్కడ మడ్డిని ప్లాస్టిక్ గీకుడుబిళ్ళతో చేత్తో తీసి, గుడ్డతో తుడిచి, స్ట్రెయినర్‌ను విప్పి కడిగి బిగించాలి. అదే సమయంలో ఒక రాడ్ బేరింగు మూత విప్పి చూస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలిసిపోతుంది. “ఇంజిన్ విప్పాలి” అన్న మెకానిక్ ఉద్దేశం ఇదే అయితే ఆయన చెప్పింది సరైనదే. బోరు చేయించాలి, పిస్టన్లు మార్చాలి అని ఏమీ కొలవకుండా చెప్పి ఉంటే మాత్రం ఒప్పుకోకండి.

ఫ్లష్ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. మడ్డి లేని ఇంజిన్‌కు ఫ్లష్ అవసరం లేదు, మడ్డి బాగా పట్టిన ఇంజిన్‌కు అది ప్రమాదం. గట్టిపడిన మడ్డి కరిగి నీళ్ళలా బయటికి వచ్చేయదు, పెచ్చులుగా ఊడి కిందికి జారి సరిగ్గా స్ట్రెయినర్ మీదే కూర్చుంటుంది. ఉదయం ఫ్లష్ కొట్టించుకుని వెళ్ళి, సాయంత్రానికి దీపం వెలిగి తిరిగొచ్చిన కార్లను నేను చూశాను. ఇక డీజిల్ గానీ కిరోసిన్ గానీ పోసి ఇంజిన్ స్టార్ట్ చేసి కడిగే పాత పద్ధతి ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. ఆ పది నిమిషాలూ బేరింగుల మధ్య ఆయిల్ పొర ఉండదు, ఆపైన గాళ్ళలో మిగిలిపోయిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. దయచేసి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. చేత్తో శుభ్రం చేశాక మిగిలిన పలచటి పొరను తీయడానికి తాజా ఆయిలే మంచి మందు. మొదటి ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకు, రెండోది 2,500 కిలోమీటర్లకు ఫిల్టర్‌తో సహా మార్పించండి. అక్కడి నుంచి మీ వాడకానికి ఐదువేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. హైవే మీద ఎక్కువ తిరిగేవారికి పదివేలు లేదా ఏడాది న్యాయమైన గడువే, వారితో మీరు పోల్చుకోవద్దు.

ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదని 5డబ్ల్యూ-30 చెప్పిన ఇంజిన్‌కు 20డబ్ల్యూ-50 పోయడం వల్ల చల్లటి ఉదయాన ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, వీవీటీ మొరాయిస్తుంది. డబ్బా వెనక ఏపీఐ ఎస్‌పీ లాంటి శ్రేణి చూసుకోండి. 2020లో వచ్చిన ఆ శ్రేణి పాతవాటికన్నా మెరుగు. సింథటిక్ ఆయిల్ వేడిని చాలా బాగా తట్టుకుంటుంది, స్తోమత ఉంటే అదే పోయించండి. అయితే నీటినీ పెట్రోలునూ అది కూడా మాయం చేయలేదు. చిన్న ప్రయాణాల కారులో ఏడాదిన్నర ఉన్న సింథటిక్ కంటే ఆరు నెలలకు మార్చిన మామూలు ఆయిలే నాకు నచ్చుతుంది. నకిలీ ఆయిల్, నకిలీ ఫిల్టర్ల బెడద మీకు తెలిసిందే. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి, మీ కళ్ళెదుట సీలు తీయించండి, ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో చిల్లు పెట్టి వదలండి. నాసి ఫిల్టర్ లోపలి కాగితం త్వరగా పూడితే బైపాస్ వాల్వు తెరుచుకుని ఆయిల్ వడకట్టకుండానే లోపలికి పోతుంది. తీసిన పాత ఆయిల్‌ను కాలవలో పోయనివ్వకండి, వేస్ట్ ఆయిల్ సేకరించేవారికి ఇప్పించండి.

వాడే పద్ధతిలో ఒక్క మార్పు చాలు. వారానికి ఒక రోజు, ఆదివారం పొద్దున అనుకోండి, అవుటర్ రింగ్ రోడ్డు మీద ముప్పై నలభై కిలోమీటర్లు ఆగకుండా నడపండి. ఆయిల్ పూర్తి వేడికి చేరి అరగంట నిలిస్తే లోపలి నీరూ పెట్రోలూ చాలావరకు పోతాయి. ఉదయం ఇంటి ముందు పది నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టి వేడి చేయడం మాత్రం మానండి, అది చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు తాగించడమే అవుతుంది. అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు.

ఇది చదివే డీజిల్ కార్లవారికి రెండు మాటలు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిళ్ళలో మసిని పట్టే ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. చిన్న ప్రయాణాల్లో ఆ పని మధ్యలో ఆగిపోతూ ఉంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగి, గేజీ పుల్ల మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ పెరగడం మంచి లక్షణం కాదు, వెంటనే మార్చాలి, అదీ మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద రకంతోనే. పాత కామన్ రైల్ డీజిళ్ళలో ఇంజెక్టర్ కింద రాగి వాషరు లీకైతే దహన వాయువులు నేరుగా టాపెట్ కవర్ కిందికి వచ్చి, ఎంత తరచుగా ఆయిల్ మార్చినా మడ్డి కట్టిస్తాయి. ఇంజెక్టర్ మొదట్లో నల్లటి తారు, చుక్ చుక్ మనే చప్పుడు దానికి గుర్తులు.

మీరు వెయ్యి కిలోమీటర్లకు మొదటి ఆయిల్ మార్పించినప్పుడు పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. దాన్ని కోయించి, లోపలి మడతల కాగితాన్ని విప్పి, పాత వార్తాపత్రిక మీద పరిచి ఎండలో చూడండి. నల్లటి రవ్వలు చాలా కనిపిస్తే లోపల ఇంకా మడ్డి ఊడుతోందని అర్థం, రెండో మార్పిడిని 2,500 కిలోమీటర్ల దాకా ఆపకుండా వెయ్యికే చేయించండి. కాగితం నల్లగా ఉన్నా రవ్వలు లేకుండా మెత్తగా ఉంటే శుభ్రం బాగా జరిగినట్టే. రాగిరంగు మెరుపులు కనిపిస్తే అవి బేరింగు పొరలు. అప్పుడు ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ చేయకుండా, గేజీ అంకెలతో, ఆ ఫిల్టర్ ఫొటోతో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.